ఆదివారం సాయంత్రం వచ్చిన బండి

శనివారం మధ్యాహ్నం సముద్రం వెనక్కి తగ్గాక జేబెజ్ కోల్ శవం బురదలో బయటపడింది.

"నోరు తెరిచి చూడు," అన్నాడు కెప్టెన్ అసా హోబర్ట్.

ఎనోక్ థేయర్ గోడవైపు తిరిగిపోయాడు. "మీరు చూసి చెప్పండి కెప్టెన్ గారూ. నేను వింటాను."

బోస్టన్ పక్కనున్న రోక్స్‌బరీ ఒడ్డున పడవలు బాగుచేసే షెడ్డు అది. బయట మంచు, లోపల తారు వాసన. పడవ చెక్కల మీద జేబెజ్‌ని పడుకోబెట్టారు. ఉప్పు అమ్ముకునేవాడి వేషం ఇంకా ఒంటిమీదే ఉంది. రాజుకి ఎదురు తిరిగినవాళ్ళు పెట్టుకున్న రోడ్ ఐలండ్ కమిటీకీ బోస్టన్ కమిటీకీ మధ్య రహస్యాలు మోసేవాడు అతను. కాగితం ముట్టేవాడు కాదు. అన్నీ బుర్రలో పెట్టుకుని నడిచేవాడు. ఇప్పుడా బుర్ర వెనకవైపు పగిలి ఉంది.

హోబర్ట్ కత్తి పిడితో శవం బుగ్గలోంచి తడిసిన నల్లటి ముద్ద ఒకటి బయటికి లాగి, ఎనోక్ ముక్కు దగ్గర పెట్టాడు.

తేయాకు. అసలు సరుకు. ఎనోక్ దాని వాసన చూసి ఏడాది దాటింది. పక్కన శవం ఉన్నా నోట్లో నీళ్ళూరాయి. తనమీద తనకే అసహ్యం వేసింది.

"చస్తున్నానని తెలిశాక బుగ్గన పెట్టుకున్నాడు," అన్నాడు హోబర్ట్. "మనకి చెప్పాలని. కస్టమ్స్ ఆఫీసులో మనవాడు కూడా అదే మాట పంపాడు. మేజర్ వెంట్రిస్ అనేవాడు లండన్ నుంచి కొత్తగా దిగాడు. వాడి పని మనల్ని కాల్చడం కాదు, విడగొట్టడం."

"ఎలా?"

"నీ కొట్టు ద్వారా."

ఎనోక్ తలుపు ఎంత దూరంలో ఉందో చూసుకున్నాడు.

తేయాకు సముద్రంలో పారబోశారన్న కోపంతో ఇంగ్లండు రాజుగారు బోస్టన్ రేవు మూయించి తొమ్మిదో నెల నడుస్తోంది. ఊరు పస్తులతో లొంగిపోతుందని ఆయన లెక్క. లెక్క తప్పింది. కనెటికట్ గొర్రెల్ని తోలింది. వర్జీనియా మొక్కజొన్న పంపింది. ఎక్కడో దక్షిణాన ఉన్న కరొలైనా పీపాల కొద్దీ బియ్యం పంపింది. ఆ సాయం సరుకంతా రోక్స్‌బరీలో ఒక పాత కొట్టులో దింపి, అక్కణ్ణుంచి బోస్టన్‌లో ఆకలితో ఉన్న ఇళ్ళకి పంచుతున్నారు. కొట్టు తాళంచెవి ఎనోక్ మెడలో వేలాడుతోంది. రేవు మూతకి జవాబుగా పన్నెండు వలస రాజ్యాలూ ఒక్క ఒట్టు వేసుకున్నాయి. ఇంగ్లండు గుడ్డ కట్టం, ఇంగ్లండు తేయాకు తాగం. జార్జియా ఒక్కటే ఇంకా గోడమీద పిల్లిలా కూర్చుంది.

"సోమవారం పొద్దున్న వెర్డియర్ గారు నీ కొట్టు చూడ్డానికొస్తారు," అన్నాడు హోబర్ట్. "కరొలైనా మనిషి. 'మన బియ్యం తిని బోస్టన్ వాళ్ళేం వెలగబెడుతున్నారో చూసి రమ్మ'ని అక్కడి పెద్దలు పంపారు. ఆయన మన బియ్యం పీపాల వెనకాల రాజుగారి తేయాకు చూశాడనుకో, ఇక ఒట్టూ లేదు, గట్టూ లేదు. దక్షిణాది వాళ్ళు ముఖాన ఉమ్మేసి వెళ్ళిపోతారు. వాళ్ళు పోతే వర్జీనియా పోతుంది. మిగిలిన మనల్ని రాజుగారు తాపీగా ఉరితీసుకుంటారు."

"అంతకంటే ముందు నన్ను మనవాళ్ళే తారులో ముంచుతారు."

"ముంచుతారు," అన్నాడు హోబర్ట్, ఏమాత్రం మొహమాటం లేకుండా.

ఎనోక్ ఒకసారి చూశాడా తమాషా. కస్టమ్స్ వాడొకణ్ణి బట్టలూడదీసి, కాగే తారు పోసి, దిళ్ళు చింపి ఈకలు అంటించారు. తర్వాత తారు ఊడదీస్తుంటే చర్మం కూడా దాంతోపాటే వచ్చింది. వాడి అరుపులు ఇప్పటికీ ఎనోక్‌కి కలలో వినిపిస్తాయి. ఈమధ్య కలలో ఆ గొంతు తనదిగా ఉంటోంది.

ఇంత పిరికివాడు గూఢచారి ఏమిటని మీకు అనుమానం రావచ్చు. బ్రిటిష్ వాళ్ళకి రాలేదు, అదే సంగతి. పోర్టు మూతపడి ఉద్యోగం పోయిన గుమాస్తా, తుమ్మితే ఉలిక్కిపడేవాడు, సైనికుణ్ణి చూస్తే టోపీ తీసి పక్కకి తప్పుకునేవాడు. అలాంటివాణ్ణి ఎవడు సోదా చేస్తాడు? రెండేళ్ళుగా కమిటీకి అతనే కళ్ళు, అతనే చెవులు. భయం అతని మారువేషం. కాకపోతే అది రాత్రిపూట విప్పి కొక్కేనికి తగిలించేందుకు వీలులేని వేషం.

"ఇది ఉంచుకో." హోబర్ట్ చిరునవ్వుతో ఒక చేతికర్ర అందించాడు. ప్రమాదమైన పని అప్పగించేటప్పుడే ఆయన నవ్వేది. "పైన పిడి తిప్పితే లోపల ఈల ఉంది. ఊదితే అర మైలు దాకా వినిపిస్తుంది. ఇక సెలీనా గారు నిన్ను రేపు చర్చి అయ్యాక కలుస్తారు. కోడ్ మాట గుర్తుందా?"

"గొర్రె మాంసం దొరుకుతుందా?"

"జవాబు?"

"మాకు ఉన్ని ఉంటే చాలు."

సెలీనా వార్‌బర్టన్ ఈ మధ్యనే కమిటీకి దొరికిన నిధి. బోస్టన్‌లో ఆఫీసర్ల విందులకి వెళ్ళి, వాళ్ళతో నాట్యం చేసి, వాళ్ళ గుట్టు మోసుకొచ్చి ఇస్తుంది. న్యూయార్క్ వర్తకుడి భార్యనని, మొగుడు పోయాడని, కనెటికట్‌లో పాస్టరుగారింట పుట్టానని చెప్పుకుంది. ఆవిడ తెచ్చిన కబుర్లు ఇప్పటిదాకా ఒక్కటీ తప్పుపోలేదు. అందంలో ఆవిడకి పేరు పెట్టక్కర్లేదు. ఎనోక్ ఆవిడ ఎదురుగా ఎప్పుడూ రెండు మాటలకి మించి కూడబలుక్కోలేకపోయాడు.

అతను కొట్టు చేరేసరికి పొద్దు వాలుతోంది. కాపలావాళ్ళు అప్పుడే తుపాకులు భుజాన వేసుకుని ఇళ్ళకి బయల్దేరుతున్నారు.

"ఎక్కడికయ్యా?" అన్నాడు ఎనోక్ కంగారుగా.

"సూర్యుడు దిగుతున్నాడు కనిపించట్లా?" అన్నాడు సైలస్ పూల్. పెళ్ళికాని మనిషి, వయసు ముదురుతోంది, నాలుక ఇంకా ముదిరింది. "సబ్బాతు మొదలైపోతే, దేవుడిచ్చిన విశ్రాంతి పూట తుపాకీ పట్టుకుని వీధిలో నిలబడమంటావా? డీకన్ గారు నా చెవులు పట్టుకుని చర్చిలో నిలబెడతారు."

"మరి కొట్టు?"

"రేపు పొద్దుగూకేదాకా ఈ చుట్టుపక్కల చక్రం కదలదు బాబూ. సబ్బాతు రోజున బండి ఎవడు తోలతాడు? తోలితే నరకానికే తోలాలి." సైలస్ ఎనోక్ భుజం తట్టాడు. "ఇంటికెళ్ళి చిక్కుడుగింజలు తిని పడుకో. నీ మొహం చూస్తే శవంలో కాస్త రంగు ఉంటుందేమో అనిపిస్తోంది."

ఎనోక్ ఇంటికి వెళ్ళలేదు. కొట్టులోనే కూర్చున్నాడు. ఎలుక కదిలినా లేచి ఆ మూలకి వెళ్ళి చూశాడు. తెల్లవారేసరికి పీపాలన్నీ తడిమి తడిమి చేతులు మొద్దుబారాయి. బియ్యం తప్ప ఏమీ లేదు.

ఆదివారం రెండు ప్రసంగాలూ విన్నాడో లేదో అతనికే తెలియదు. ముక్కుపొడి డబ్బా మూత లోపల అతికించిన చిన్న అద్దంలోంచి వెనక బల్లల్ని చూస్తూ కూర్చున్నాడు. మూడో బల్లలో సెలీనా ఉంది. నల్లటి టోపీ, చేతులు రెండూ దూర్చుకునే బొచ్చు సంచి, మెడ వంచిన భక్తి. ఊళ్ళో ఆడవాళ్ళు పాస్టరుగారిని చూడ్డం మానేసి ఆవిణ్ణి చూస్తున్నారు. అద్దంలో ఆవిడ కళ్ళు ఎనోక్ కళ్ళని కలిశాయి. అతను చటుక్కున మూత వేసి తుమ్మాడు.

సాయంత్రం కాకముందే థాంక్‌ఫుల్ డ్రేక్ సత్రంలో ఇద్దరూ కలిశారు. పేరుకి థాంక్‌ఫుల్, అంటే కృతజ్ఞురాలు. నోరు విప్పితే మాత్రం సృష్టిమీద ఫిర్యాదే. ఆవిడ ఇద్దరి ముందూ తేయాకుకి బదులు కోరిందాకు కషాయం పెట్టి, "చక్కెర లేదు, అడక్కండి. రాజుగారి మీద కోపం ఉంటే తాగండి, లేకపోతే పారబోయండి," అని లోపలికి వెళ్ళిపోయింది.

"గొర్రె మాంసం దొరుకుతుందా?" అంది సెలీనా.

"మాకు ఉన్ని ఉంటే చాలు."

"అంత వణుకుతూ చెప్తే ఉన్ని కావాలని ఎవరైనా నమ్ముతారు లెండి," అని నవ్విందావిడ. వెంటనే ముందుకి వంగి గొంతు తగ్గించింది. "వినండి. వెంట్రిస్ మనుషులు రేపు తెల్లవారుజామున వస్తారు. మిల్లు వంతెన దాటి. ఇవాళ పొద్దుగూకగానే మీ కాపలావాళ్ళనందర్నీ తీసుకెళ్ళి అక్కడ మాటువేయండి."

"అందర్నీనా? మరి కొట్టు?"

"కొట్టుకి నేనుంటాను. తాళంచెవి ఇచ్చి వెళ్ళండి."

ఎనోక్ చెయ్యి మెడమీదికి వెళ్ళింది. ఆ తాళంచెవి పన్నెండు వలసల నమ్మకం అని హోబర్ట్ ఎప్పుడో చెప్పిన మాట గుర్తొచ్చింది. "ఎవరైనా ఇవాళే వస్తే?" అన్నాడు.

"మీకు భయం ఎక్కువ ఎనోక్ గారూ. ఇవాళ సబ్బాతు. అర్ధరాత్రి దాకా వీధిలో కుక్క కూడా తిరగదు. ఎవడొస్తాడు?" ఆవిడ అతని చేతిమీద చెయ్యి వేసింది. "జేబెజ్‌కి జరిగింది మీకు జరగకూడదు. నాకోసమైనా వెళ్ళండి."

ఆ చెయ్యి వెచ్చగా ఉంది. ఎనోక్‌కి మతి ఉందో లేదో గానీ తాళంచెవి తాడు మాత్రం మెడలోంచి తీసి ఇచ్చాడు.

పొద్దు గూకింది. కాపలావాళ్ళని పోగుచేసుకుని వంతెన దారి పట్టాడు. సైలస్ పూల్ ఉతికిన చొక్కా వేసుకుని, జుట్టుకి కొవ్వు రాసుకుని, తద్దినానికి పోతున్నట్టు నడుస్తున్నాడు.

"ఏమయ్యా, ఆదివారం సాయంత్రమే దొరికిందా నీకు మాటు వేయడానికి?" అన్నాడు కసిగా. "వారమంతా ఒళ్ళు హూనం చేసుకునేది ఈ ఒక్క సాయంత్రం కోసం. అక్కడ నా పిల్ల పొయ్యిదగ్గర కుర్చీ వేసి ఎదురుచూస్తుంటుంది. నేను వెళ్ళకపోతే ఆ కుర్చీలో మిల్లువాడి తమ్ముడు కూర్చుంటాడు."

మిగతావాళ్ళు గొల్లుమన్నారు. ఎనోక్ నవ్వలేదు. నడక ఆపేశాడు.

వెనక్కి తిరిగి చూశాడు. ఊరు కనిపిస్తోంది. ప్రతి కిటికీలో దీపం. సబ్బాతు అయిపోయిందని రోజంతా బిగబట్టుకున్న ఊపిరి ఊరంతా ఒక్కసారే వదిలినట్టుంది. కుర్రకారు మంచు బళ్ళు లాక్కుంటూ వాలు ఎక్కుతున్నారు. ఎక్కడో ఫిడేలు మోగుతోంది. ఆడవాళ్ళు సోమవారం ఉతుకుడికి గుడ్డలు నానబెట్టాలని బావి దగ్గర బానలతో బారులు తీరారు. వారం మొత్తంలో రోక్స్‌బరీ వీధి ఇంత కిటకిటలాడే వేళ ఇంకోటి లేదు. కనెటికట్‌లోనూ అంతే. సబ్బాతు శనివారం పొద్దుగూకగానే మొదలై, ఆదివారం పొద్దుగూకగానే అయిపోవడం తాతల నాటి పద్ధతి. పాలు తాగే పిల్లకి కూడా తెలుసు.

అర్ధరాత్రి దాకా వీధిలో కుక్క కూడా తిరగదు.

అలా అనేది లండన్ వాళ్ళు. న్యూయార్క్ వాళ్ళు. కనెటికట్ పాస్టరుగారి కూతురు చచ్చినా అనదు.

వంతెన లేదు, తెల్లవారుజాము లేదు. వాళ్ళొచ్చేది ఇప్పుడే. కొట్టు తలుపు ఆవిడే తీస్తుంది. రేపు వెర్డియర్ ముందు తేయాకు పీపా ఎక్కడుందో చూపించేదీ ఆవిడే. తాళంచెవి ఇచ్చింది తను. జేబెజ్ ఏ దారిన వస్తాడో ఆవిడకి చెప్పిందెవరో కూడా అప్పుడే తట్టింది. అదీ తనే, ఆ రెండు మాటల్లోనే.

"సైలస్! కెప్టెన్ గారిని తీసుకురా! కొట్టు దగ్గరికి!"

"ఏమైందయ్యా?"

"పరిగెత్తు!"

తను కూడా పరిగెత్తాడు. జీవితంలో ప్రమాదం వైపు పరిగెత్తడం అతనికి అదే మొదటిసారి. ప్రతి అడుగులోనూ వెనక్కి తిరిగిపోదామనిపించింది. తిరిగిపోతే ఏమవుతుందో ఊహించుకుంటే ముందున్నదే కాస్త నయమనిపించింది.

కొట్టు ముందు జనం. మధ్యలో ఎద్దుబండి. బండిమీద ఉప్పుచేపల పీపాలు, పక్కన రైతు బట్టల్లో ఇద్దరు మనుషులు. నిర్మానుష్యంగా ఉంటుందనుకున్న వీధిలో ఆ బండి ప్రతి గుమ్మం దగ్గరా ఆగాల్సొచ్చింది. కొత్త మనిషి కనిపిస్తే కూపీ లాగకుండా వదలడం ఈ ప్రాంతం వాళ్ళ ఒంట్లో లేదు.

"ఏ ఊరు నాయనా మీది?"

"డెడమ్."

"డెడమ్‌లో ఎవరి తాలూకు?"

"అదీ... స్మిత్."

"ఏ స్మిత్? కుంటి స్మిత్తా, చెవిటి స్మిత్తా?"

"తప్పుకోండి, తొందర పని."

"అంత తొందరైతే ఎడమ ఎద్దుకి నాడా ఊడిందే, కొట్టించకుండా ఎలా బయల్దేరావ్?"

ఒక పీపా అప్పటికే గడప దాటి లోపలికి పోయింది. తెరిచిన తలుపు దగ్గర సెలీనా నిలబడి ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఎవరో ముసలాయన బండిమీది పీపాకి ముక్కు ఆనించి, "ఉప్పుచేపకి కంపే లేదేమిటర్రా?" అన్నాడు. ఇంకెవరో గొడ్డలి పిడితో మూత బద్దలుకొట్టారు.

నల్లటి ఆకు తెల్లటి మంచు మీదికి జలజలా కారింది.

ఫిడేలు ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే ఎనోక్ రొప్పుతూ వచ్చి బండి పక్కన నిలబడ్డాడు. అంతకంటే చెడ్డ ముహూర్తం వెతికినా దొరకదు.

"ఇడుగో!" సెలీనా వేలెత్తి చూపించింది. "ఈ మనిషే! తాళంచెవి నాకిచ్చి, బండి వస్తుంది లోపల పెట్టించు, సాయం వచ్చిన ఉప్పుచేపలని చెప్పాడు! నేను నమ్మాను!"

అన్ని తలలూ ఎనోక్ వైపు తిరిగాయి. పొద్దున్న చర్చిలో పక్కన కూర్చుని పాడినవాళ్ళే.

"మనకి తిండి పెట్టే కొట్లోనా ఎనోక్?" అన్నాడు ముసలాయన. కోపం కంటే బాధే ఎక్కువుందా గొంతులో. "మా మనవరాలు ఆ బియ్యం తినే బతికిందిరా."

"తారు పట్రండి," అని వెనకనుంచి ఒక గొంతు. షెడ్డు వైపు అడుగుల చప్పుడు. ఎవరో ఎనోక్ కోటు కాలరు పట్టుకున్నారు. చేతికర్ర పిడి తిప్పి ఈల నోట్లో పెట్టుకున్నాడు. నోరు ఎండిపోయి గాలి తప్ప చప్పుడు రాలేదు. తారు బకెట్టు మోసుకొస్తున్నారు. ఆ వాసన తగిలింది. అరవాలనిపించింది. అరిస్తే కలలో విన్న ఆ గొంతే వస్తుందేమోనని భయమేసి అరవలేదు.

జనం పక్కకి జరిగారు. డీకన్ గారితో కలిసి ఒక పెద్దమనిషి వస్తున్నాడు. ఎండకి నల్లబడ్డ ముఖం, చలికి మూడు శాలువాలు. వెర్డియర్. సబ్బాతు అయిపోయింది కదా, రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే ఊరు చూద్దాం రండి అని డీకన్ గారు వెంటబెట్టుకొచ్చారు. ఆయన మంచు మీద తేయాకుని చూశాడు. లోపల తన దేశపు బియ్యం పీపాల్ని చూశాడు. వెనక్కి తిరగబోయాడు.

ఆయన వెళ్ళిపోతే అంతా అయిపోయినట్టే.

"అయ్యా, ఒక్క క్షణం ఆగండి!" అన్నాడు ఎనోక్. సెలీనా వైపు తిరిగాడు. "ఒప్పుకుంటాను. నేనే దొంగని. సరేనా? తారు ఇక్కడే ఉంది, నేను ఎక్కడికీ పోను. కానీ సెలీనా గారూ, దొంగన్నవాడు ఎవరి కంటా పడని వేళ చూసుకుంటాడు కదా. వారంలో అన్ని పూటలుండగా ఈ పూటే ఎందుకు పెట్టుకున్నాను? మీరే చెప్పండి."

"ఎందుకేమిటి?" సెలీనా గొంతులో అసహ్యం ఖంగుమంది. "సబ్బాతు రాత్రి కనక! భక్తి ఉన్న ఏ మనిషీ అర్ధరాత్రి దాకా గడప దాటి రాడని నీకు తెలుసు. వీధంతా ఖాళీగా ఉంటుందని లెక్కేసి..."

మాట మధ్యలో ఆవిడ చూపు ఎదురుగా ఉన్న వీధి మీద పడింది. మంచు బళ్ళు. నానేసిన గుడ్డల బానలు. ఫిడేలు చంకన పెట్టుకున్నవాడు. చేతిలో చెయ్యి వేసుకుని నిలబడ్డ జంటలు. ఆ మాట పూర్తికాలేదు.

ముందు తేరుకుంది థాంక్‌ఫుల్ డ్రేక్.

"అర్ధరాత్రి దాకానా?" అంది, గుడ్డలు నానేసిన బకెట్టు చేత్తో పట్టుకుని ముందుకొస్తూ. "మా సబ్బాతు పొద్దుతోపాటే దిగిపోయిందమ్మా. ఈ పూట దొంగతనం చేసేవాడు నడిసంతలో బట్టలు విప్పుకునేవాడితో సమానం. పిచ్చివాడు కూడా ఈ వేళ ఎంచుకోడు. ఏమ్మా, పాస్టరుగారి కూతుర్నన్నావే, ఆదివారం ఎప్పుడైపోతుందో మీ నాన్న నీకు చెప్పలేదా?"

కాలరు పట్టుకున్న చెయ్యి వదులైంది. డీకన్ గారు బండివాళ్ళ వైపు నడిచారు. వాళ్ళు ఎద్దుల్ని వదిలేసి పరుగందుకున్నారు. మలుపులో సైలస్, కెప్టెన్ హోబర్ట్ ఎదురయ్యారు.

సెలీనా మాత్రం పరిగెత్తలేదు. బొచ్చు సంచిలోంచి చెయ్యి తీసింది. చేతిలో పిస్తోలు. గొట్టం తిన్నగా ఎనోక్ గుండెకి ఎదురుగా ఉంది.

"దారి ఇవ్వమను," అంది చల్లగా. యాస మారిపోయింది. ఇప్పుడది నిఖార్సైన లండన్. "జేబెజ్ కూడా నీలాగే ఆఖర్న ధైర్యం తెచ్చుకున్నాడు."

ఎనోక్ కళ్ళు మూసుకున్నాడు. ధైర్యం కాదమ్మా, భయమే, అని చెప్పబోయాడు. ఆవిడ వేలు బిగుసుకుంది. థాంక్‌ఫుల్ చేతిలో బకెట్టు బోర్లపడింది. బూడిద నీళ్ళు, మేజోళ్ళు, డ్రేక్ వారి దుప్పటి మొత్తం ఆ పిస్తోలు మీదా, దాన్ని పట్టుకున్న అందం మీదా పడ్డాయి. ట్రిగ్గరు టక్కుమంది. తడిసిన మందు బుస్సుమని చల్లారింది.

"నానేసిన దుప్పటే," అంది థాంక్‌ఫుల్ విసుగ్గా. "మళ్ళీ నానబెట్టాలి."

సెలీనా చేతులు కట్టేశాక, లోపలికి పోయిన పీపాని కూడా బయటికి దొర్లించి, తేయాకుని వీధి మధ్యలోనే తగలబెట్టారు. ఊరంతా చుట్టూ నిలబడింది. పొగ ఎటు వీస్తే జనం అటు జరుగుతున్నారు. ఎవరూ ఎవరి ముఖమూ చూడకుండా గట్టిగా ఊపిరి పీలుస్తున్నారు. ముసలాయన వచ్చి ఎనోక్ చెయ్యి పట్టుకున్నాడు. నలిగిన అతని కోటు కాలరు సర్ది పక్కనే నిలబడ్డాడు. ఎనోక్ ఏడ్చేశాడు. పొగవల్లే అని అందరూ మర్యాదగా అనుకున్నారు.

వెర్డియర్ కొట్టులోకి వెళ్ళి దీపం పెట్టించుకుని పీపాలన్నీ చూసి, చాలాసేపటికి బయటికొచ్చాడు.

"ఒక్క మాట," అన్నాడు ఎనోక్‌తో. "ఆవిడ చెప్పిందాంట్లో తప్పేమిటో నాకు మొదట అర్థం కాలేదు. మా చార్లెస్టన్‌లోనూ ఆదివారం అర్ధరాత్రి దాకానే. డీకన్ గారు చెవిలో చెప్పకపోతే ఆవిణ్ణే నమ్మి వెళ్ళిపోయేవాణ్ణి."

ఎంత సన్నటి దారం మీద నిలబడ్డారో ఎనోక్‌కి ఇప్పుడు తెలిసింది. "మరి... వెళ్ళి మీవాళ్ళకేం చెప్తారండీ?"

"ఉన్నదే చెప్తాను. ఆదివారం ఎప్పుడు అయిపోతుందో కూడా మనలో మనకి ఒక్క మాట కుదరదు. తేయాకు మాత్రం పీపాలకి పీపాలు కళ్ళముందు కాలుతుంటే ఒక్కడు కూడా చిటికెడు జేబులో వేసుకోలేదని చెప్తాను. ఒట్టు నిలబడుతుంది." వెర్డియర్ శాలువాలు సర్దుకున్నాడు. "బియ్యం మళ్ళీ పంపుతాం."

ఎనోక్ వంగి దండం పెట్టాడు. అటూ ఇటూ వీధి చివరిదాకా చూసుకున్నాడు.

"ఇక భయపడకయ్యా, గండం గడిచింది," అన్నాడు వెర్డియర్ జాలిగా.

"లేదండీ," అన్నాడు ఎనోక్, హోబర్ట్ తనవైపే నడిచి రావడం చూసి. "కెప్టెన్ గారు చిరునవ్వుతో వస్తున్నారు."